సింగలీలా కొండదారిలో ఒక దినం

డార్జిలింగు అనగానే మనకు తేయాకు తోటలు, బొమ్మ రైలు గుర్తుకు వస్తాయి. కేలండరు బొమ్మల్లో మనం చూసినది అంతవరకే. ఆ పట్టణానికి పడమటి దిక్కున, మన దేశానికీ నేపాలుకూ నడుమ గోడ కట్టినట్లు ఉత్తర దక్షిణాలుగా సాగిన ఒక పొడవాటి కొండవరుస ఉన్నది. దాని పేరు సింగలీలా. ఆ కొండల వీపు మీదుగా ఒక దారి పోతుంది. మానేభంజాంగ్ అనే చిన్న ఊరిలో బయలుదేరి, సుమారు 30 కిలోమీటర్లు నడిస్తే సందక్‌ఫూ వస్తుంది. అక్కడి నుండి ఇంకొక 21 కిలోమీటర్లు పోతే ఫాలూట్. సందక్‌ఫూ ఎత్తు 3,636 మీటర్లు, అంటే దాదాపు పన్నెండు వేల అడుగులు. పశ్చిమ బెంగాలు రాష్ట్రంలో అంతకన్న ఎత్తైన చోటు లేదు.

2018 నవంబరు మొదటి వారంలో మేము ఏడుగురం ఆ దారిని నడిచాము. నలుగురు యౌవనస్థులు, రిటైరైన హైస్కూలు మాష్టారు, వారి భార్య, మిషను ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు నర్సుగా పనిచేసిన ఒక అక్కయ్య. విశాఖపట్నంలో రైలెక్కి హౌరా మీదుగా న్యూ జల్పాయిగురి, అక్కడి నుండి జీపులో కొండపైకి. ఆ ప్రయాణమంతా వ్రాస్తే ఈ పత్రిక చాలదు. సందక్‌ఫూలో తెల్లవారిన ఒక్క దినం సంగతి మాత్రం పాఠకులతో పంచుకోవాలని మా కోరిక.

మూట సర్దుకొనే విధం

ఇటువంటి నడకలో మన ఇల్లు మన వీపు మీదనే ఉంటుంది. బట్టలు, పడుకొనే సంచి, వానకోటు, మందులు, నీళ్లు, తిండి అన్నీ మోసుకొని పోవాలి. మూట బరువు మనిషి బరువులో అయిదో వంతు దాటకుండా ఉంటే మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. మా మూటలు ఒక్కొక్కటి తొమ్మిది కిలోలు తూగాయి. బరువైన వస్తువులను వీపుకు ఆనుకొని మధ్యలో పెట్టుకోవాలి. పడుకొనే సంచి వంటి తేలిక వస్తువులు అడుగున ఉండాలి. సంచికి నడుము దగ్గర ఒక వెడల్పు పట్టీ ఉంటుంది. దానిని బిగించి కట్టుకొంటే బరువు భుజాల మీద కాక నడుము మీద నిలుస్తుంది. ఈ ఒక్క కిటుకు తెలియక రెండవ రోజుకే మెడలు పట్టేసినవారిని దారిలో చూశాము.

మాష్టారి దంపతుల సామానును ఒక కూలీ మోశాడు. అక్కడి వెదురు బుట్టను డోకో అంటారు. దానికి కట్టిన పట్టీని నుదుటి మీదుగా వేసుకొని, ముందుకు వంగి నడుస్తారు. ఆ పట్టీ పేరు నామ్లో. మనవాళ్లు కావడి భుజాన మోసినట్లు, అక్కడివారు తలతో మోస్తారు. ఇరవై కిలోల బుట్టతో ఆ మనిషి మాకన్న ముందు పోయి, మలుపు దగ్గర కూర్చుని మా కోసం ఎదురుచూసేవాడు.

తిండి కోసం మేము అటుకులు, బెల్లం, వేరుశెనగ ఉండలు, ఒక సీసాలో ఆవకాయ తీసుకొనిపోయాము. రాత్రుళ్లు బస చేసిన ఇళ్లలో అన్నం, పప్పు, గుంద్రుక్ పెట్టేవారు. ఆకుకూరను పులియబెట్టి ఎండబెట్టి దాచుకొనేదే గుంద్రుక్. చారులాగా కాస్తారు, పుల్లగా ఉంటుంది. మా గైడు ఆవకాయ ముక్క నంజుకొని, కళ్లలో నీళ్లు తిరిగినా, మళ్లీ చెయ్యి చాపాడు.

తెల్లవారుజామున

ఆ దినం నాలుగున్నరకే లేచాము. బయట బకెట్టులో నీళ్ల మీద మంచుపొర కట్టింది. సందక్‌ఫూలో గాలి పలచన. సముద్రతీరాన మనం పీల్చే గాలిలో దొరికే ప్రాణవాయువులో సుమారు మూడింట రెండు వంతులే అక్కడ దొరుకుతుంది. నీళ్లు కూడా 88 డిగ్రీల వేడికే మరిగిపోతాయి గనుక పప్పు మామూలు గిన్నెలో ఉడకదు. ప్రతి వంటింటిలోనూ ప్రెషర్ కుక్కరు కూత వినబడుతుంది.

దుప్పట్లు కప్పుకొని కొండ అంచుకు చేరాము. ముందు ఆకాశం బూడిద రంగులో ఉన్నది. చూస్తుండగానే ఉత్తరాన ఒక మొన ఎర్రబడింది. అది కాంచన్‌జంగ, 8,586 మీటర్లు, లోకంలో మూడవ ఎత్తైన శిఖరం. తరువాత దాని పక్క శిఖరాలు ఒక్కొక్కటే వెలిగాయి. ఆ వరుసంతా కలిపి చూస్తే మనిషి వెల్లకిల పడుకొన్నట్లే ఉంటుంది. స్థానికులు దానిని నిద్రించే బుద్ధుడు అంటారు. ఆ రూపంలో తల భాగమైన శిఖరానికి నేపాలులో పేరు కుంభకర్ణ. అది విని మాష్టారు, నిద్రపోయేవాడికి తగిన పేరే పెట్టారని నవ్వారు.

పడమట దూరంగా ఎవరెస్టు, లోత్సే, మకాలు ఒకదాని పక్కన ఒకటి కనిపించాయి. లోకంలోని అయిదు ఎత్తైన పర్వతాలలో నాలుగింటిని ఒకే చోట నిలబడి చూడగలిగిన తావు ఇది. ఎవరెస్టు మాకు చిన్నదిగా కనబడింది. దూరం ఎక్కువ గనుక మకాలు దానికన్న పెద్దదిలాగా ఉన్నది. గైడు వ్రేలు పెట్టి చూపిస్తే తప్ప పోల్చుకోలేకపోయాము.

ఆ శిఖరం మీద 2014 మే 25న మన తెలుగు బిడ్డలిద్దరు నిలబడ్డారు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. వారు ఈ డార్జిలింగులో కూడా పర్వతారోహణ నేర్చారు, 1954లో స్థాపించబడిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో. మాతో వచ్చిన యౌవనస్థులు ఆ సంగతి మాట్లాడుకొంటూ చాలాసేపు ఆ వైపే చూశారు.

కాంచన్‌జంగను గురించి గైడు మరొక మాట చెప్పాడు. 1955 మే 25న జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ అనే ఇంగ్లండు దేశస్థులు మొదటిసారిగా దాని మీదికి ఎక్కారు. అయితే అది సిక్కిం ప్రజలకు పూజ్యమైన కొండ గనుక, వారికి ఇచ్చిన మాట ప్రకారం చిట్టచివరి కొన్ని అడుగులు ఎక్కకుండానే ఆగిపోయారు. తరువాత ఎక్కిన చాలామంది కూడా ఆ మర్యాదను పాటించారు. అంత దూరం వచ్చి కొన్ని అడుగుల ముందు ఆగడం ఎలా సాధ్యమైందో అని మాలో ఒకరు ఆశ్చర్యపడ్డారు. ఆ మాట సాయంత్రానికి మాకే తిరిగి ఎదురవుతుందని అప్పుడు తెలియదు.

దారి పొడవునా

అటుకులు, టీ ముగించి, ప్రార్థన చేసికొని ఏడున్నరకు బయలుదేరాము. ఫాలూట్ చేరాలంటే 21 కిలోమీటర్లు. మధ్యలో సబర్‌కుమ్ వరకు 14 కిలోమీటర్లలో తిండికీ నీళ్లకూ నమ్మకం లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు నింపుకొన్నాము.

దారి మొదట దేవదారు జాతి చెట్ల నడుమ దిగింది. ఆ నీడలో రాత్రి మంచు ఇంకా కరగలేదు, కాలి కింద కరకరమన్నది. తరువాత చెట్లు పలచబడి, కొండ వీపంతా పచ్చగడ్డి ఎండి బంగారు రంగు తిరిగిన మైదానమైంది. అక్కడక్కడ పాత చెట్ల మోడులు తెల్లగా ఎండి నిలబడి ఉన్నాయి. దారి ఒకసారి నేపాలులోకి, ఒకసారి మన దేశంలోకి పోతుంది. సరిహద్దు రాయి పక్కన గడ్డి మేస్తున్న జడలబర్రె మాత్రం ఏ దేశంలో ఉన్నదో పట్టించుకోలేదు.

వసంతంలో, అంటే ఏప్రిల్, మే నెలల్లో, ఈ కొండలు రోడోడెండ్రాన్ పూలతో ఎర్రగా నిండిపోతాయట. మేము వెళ్లినప్పుడు ఆకులే ఉన్నాయి. చలికి ఆ ఆకులు గొట్టాలవలె ముడుచుకొని వేలాడుతాయి, ఎండ తగిలితే విచ్చుకొంటాయి. సందక్‌ఫూ అనే పేరుకు విషపు మొక్కల కొండ అని అర్థం చెబుతారు. మన ఆయుర్వేద వైద్యులు వసనాభి అనే జాతి మొక్కలే అవి. పశువులు వాటిని తినకుండా కాపరులు జాగ్రత్తపడతారు.

ఈ అడవి 1986లో వన్యప్రాణుల రక్షిత ప్రాంతమైంది. 1992లో జాతీయ ఉద్యానవనమైంది. ఇక్కడ ఎర్ర పాండా అనే జంతువు ఉన్నది. పిల్లికన్న కొంచెం పెద్దది, వెదురాకు తిని బ్రతుకుతుంది, మనిషి కంట పడడం అరుదు. డార్జిలింగు జంతుప్రదర్శనశాలలో వీటిని పెంచి, 2003లో రెండింటిని ఈ అడవిలో వదిలిపెట్టారు. ఆ జంతుప్రదర్శనశాలకు పద్మజా నాయుడు పేరు పెట్టారు. సరోజినీ నాయుడు కుమార్తె, హైదరాబాదు ఆడపడుచు, పశ్చిమ బెంగాలుకు గవర్నరుగా పనిచేసినది ఆమెయే. అంత దూరాన మన ఊరి పేరుతో ముడిపడిన మనిషి కనబడితే కలిగే సంతోషమే వేరు.

నడకలో మా గైడు పదే పదే పలికిన మాట ఒక్కటే: బిస్తారై. నేపాలీలో మెల్లగా అని దాని అర్థం. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే నడవాలి. ఆయాసంతో మాట ఆగిపోతే కాలు కూడా ఆపాలి. మాష్టారు, అక్కయ్య ఈ సూత్రాన్ని తు.చ. తప్పక పాటించారు. యౌవనస్థులలో ఒకడు మాత్రం మొదటి మూడు రోజులూ అందరికన్న ముందు నడిచాడు. మా ఊరి కబడ్డీ జట్టులో పేరున్న కుర్రవాడు. అటువంటివాడు ఆ దినం వెనుకబడ్డాడు. పదకొండు గంటలకు వేరుశెనగ ఉండలు పంచితే తన వంతు జేబులో వేసుకొన్నాడు. అడిగితే, రాత్రి సరిగా నిద్ర పట్టలేదు అంతే అన్నాడు.

సబర్‌కుమ్ దగ్గర

ఒంటిగంట దాటిన తరువాత సబర్‌కుమ్ చేరాము. అక్కడ సరిహద్దును కాచే సశస్త్ర సీమా బల్ వారి శిబిరం ఉన్నది. మేము మాట్లాడుకొంటూ ఉండగా ఒక జవాను పరుగున వచ్చి, "తెలుగువాళ్లా అండి? ఏ ఊరండి మీది?" అన్నాడు. ఆయనది శ్రీకాకుళం జిల్లా. నెలల తరబడి ఇంటికి ఫోనులో తప్ప తెలుగులో మాట్లాడలేదట. మాష్టారి భార్య చేతిలోని ఆవకాయ సీసాను చూసి ఆ మనిషి ముఖం వెలిగిపోయింది. ఆమె మరొక మాట లేకుండా సీసా మొత్తం ఆయన చేతిలో పెట్టింది. "అమ్మా, మీకు ఉండాలి కదా" అంటే, "మేము నాలుగు రోజుల్లో ఇంటికి పోతాం బాబూ, నువ్వు తిను" అన్నది.

ఆ సంతోషంలో ఉండగానే కుర్రవాడు పక్కకు పోయి వాంతి చేసుకొన్నాడు.

అక్కయ్య వెంటనే అతనిని కూర్చోబెట్టి నాడి చూసింది. "తమ్ముడూ, నిజం చెప్పు. తలనొప్పి ఎప్పటి నుండి?" అని అడిగింది. అతను కొంతసేపు తల దించుకొని, నిన్న సాయంత్రం నుండి అన్నాడు. రాత్రి తన చపాతీలు పక్కవానికి పెట్టాడట. తన వలన అందరి ప్రయాణం చెడిపోతుందని భయపడి దాచాడట.

ఎనిమిది వేల అడుగులు దాటిన ఎత్తులో ఇటువంటి అస్వస్థత ఎవరికైనా రావచ్చు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం దాని లక్షణాలు. శరీర బలానికీ దీనికీ సంబంధం లేదు. అరవై దాటిన మాష్టారు హాయిగా ఉన్నారు, కబడ్డీ ఆటగాడు పడిపోయాడు. లక్షణాలు ఉండగా ఇంకా పైకి పోరాదు. ఆ ఎత్తులో ఉండి తగ్గకపోతే కిందికి దిగడమే మందు. అశ్రద్ధ చేస్తే ఊపిరితిత్తులలోకో మెదడులోకో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, నడకలో తూలడం, మాట తడబడడం ప్రమాద సూచనలు.

అక్కయ్య నేల మీద కర్రతో గీత గీసింది. "పొలం గట్టు మీద నడిచినట్లు, మడమకు వ్రేళ్లు ఆనించి నడువు" అన్నది. అతను తూలకుండానే నడిచాడు. ఆమె నిట్టూర్చి, "ఇంకా ముదరలేదు. కాని ఈ రాత్రి కిందనే పడుకోవాలి" అన్నది.

సబర్‌కుమ్ నుండి ఒక దారి ఫాలూట్‌కు పోతే, ఇంకొకటి అడవిలోకి దిగి మోలే అనే చోటికి పోతుంది. ఫాలూట్ ఇక ఏడు కిలోమీటర్లే. అక్కడ పడుకొని తెల్లవారి చూస్తే కాంచన్‌జంగ ఎదురుగా నిలబడినట్లు ఉంటుందని వారం రోజులుగా వింటూ వచ్చాము. అయితే రాత్రి మళ్లీ 3,600 మీటర్ల ఎత్తులోనే ఉండాలి. జబ్బు ముదిరితే చీకటిలో దించడం కష్టం.

ఇద్దరు కుర్రవానితో కిందికి పోయి, మిగిలినవారు ఫాలూట్ చూసి వద్దామా అనే మాట వచ్చింది. అందులో తప్పు లేదు. కాని గైడు ఒక్కడే. ఎటు పోయినా రెండవ గుంపుకు దారి తెలిసినవాడు లేకపోతాడు. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. మాలో ఒక యువకుడు బట్టల కొట్టులో పనిచేస్తాడు. జీతం కోసుకొంటారని తెలిసీ సెలవు పెట్టి, సంవత్సరమంతా దాచిన డబ్బుతో వచ్చాడు. అందరికన్న ఫాలూట్ మీద ఆశపడినవాడు అతనే. అతనే ముందు లేచి, కుర్రవాని నీళ్ల సీసా తీసి తన సంచికి తగిలించుకొని, "పదండి, పొద్దు పోకముందే దిగుదాం" అన్నాడు. గైడు మారుమాట లేకుండా కుర్రవాని మూటను తన మూట మీద వేసుకొన్నాడు. ఏడుగురం దిగువ దారి పట్టాము.

జవాను మమ్మును కొంతదూరం సాగనంపి, గుడ్డలో కట్టిన ఉడికించిన బంగాళాదుంపలు మాష్టారి భార్య చేతికిచ్చాడు.

మోలేలో రాత్రి

దిగువ దారి చెట్ల కింద తడిగా, నిశ్శబ్దంగా ఉన్నది. చెట్ల బోదెల మీద పచ్చని నాచు. ఒక్కసారి మాత్రం చెట్ల సందున కాంచన్‌జంగ కొంచెం కనబడి మాయమైంది. ఎవరూ దానిని గురించి మాట్లాడలేదు. నాలుగు గంటలకు మోలేలో బాటసారుల బసకు చేరాము. పొయ్యి చుట్టూ కూర్చొని, ఉప్పు అద్దుకొని దుంపలు తిన్నాము. ఏడు గంటలకు కుర్రవాడు, "అక్కయ్యా, తలనొప్పి తగ్గింది. ఆకలేస్తోంది" అన్నాడు. ఆ మాట విన్న అక్కయ్య అటు తిరిగి కళ్లు తుడుచుకొన్నది. ముప్ఫై ఏళ్ల నర్సు, ఎన్ని మరణాలు చూసిందో మాకు తెలియదు.

అన్నం పెట్టినప్పుడు అతను రెండుసార్లు మారు అడిగాడు. బట్టల కొట్టు యువకుడు తన పళ్లెంలోని పప్పు కూడా అతనికే వేశాడు. మరునాడు రామ్మామ్ మీదుగా శ్రీఖోలా వైపు దిగిపోయాము. ఫాలూట్‌ను మాలో ఎవరమూ చూడలేదు.

వెళ్లదలచినవారికి

మన పిల్లలలో కొండలెక్కాలనే కోరిక ఉన్నవారు చాలామంది ఉన్నారు. పంపడానికి భయపడవద్దు, కాని సిద్ధపాటు లేకుండా పంపవద్దు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. పూల కోసమైతే ఏప్రిల్, మే మంచివి. జూన్ మధ్య నుండి సెప్టెంబరు మధ్య వరకు వానల వలన ఉద్యానవనం మూసివేస్తారు. గైడు లేనిదే లోపలికి పోనివ్వరు, గుర్తింపు కార్డు తప్పనిసరి. రెండు నెలల ముందు నుండి రోజూ బరువు సంచితో మెట్లెక్కి దిగడం, నడవడం అలవాటు చేసికోవాలి. గుండె జబ్బు, ఉబ్బసం, రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడిగిన తరువాతే బయలుదేరాలి. పదివేల అడుగులు దాటిన తరువాత, రాత్రి పడుకొనే చోటును రోజుకు పదిహేను వందల అడుగులకన్న ఎక్కువ పెంచకుండా, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి ఉండేటట్లు చూసుకోవడం మేలు. గుంపు మొత్తానికి ఒకరోజు అదనంగా చేతిలో ఉంచుకొని టిక్కెట్లు కొనండి. ఆ ఒక్కరోజు లేనివారే జబ్బుతో కూడా ముందుకు పోతారు.

అన్నిటికన్న ముఖ్యం, బయలుదేరక ముందే అందరి వద్దా ఒక మాట తీసుకోండి. ఎవరికి తల నొప్పి పెట్టినా, ఎంత చిన్నదైనా, ఆ రాత్రి భోజనానికి ముందే పక్కవారికి చెప్పాలి.